మా అమ్మాయి వాటా పొగ

మా అక్క వాళ్ళది పెద్దాపురం. ఆషాఢంలో మరిడమ్మ జాతరకి రమ్మని ఏటా పిలుస్తుంది. ఈసారి తణుకులో ఇల్లు కదలకముందే మా ఐదేళ్ళ హాసిని అడ్డం తిరిగింది.

"నేను రాను. నేనొస్తే పొగ ఎక్కువొస్తుంది."

ఆ భయం దానికి నా దగ్గర్నుంచే అంటింది. మన తిరుగుళ్ళ వల్ల గాలిలో ఎంత కర్బనం కలుస్తుందో చూపించే యాప్ ఒకటి ఫోన్‌లో పెట్టుకున్నాను. ఎక్కడికెళ్ళినా అది ఒక అంకె చూపిస్తుంది, నేను నిట్టూరుస్తాను. పిల్ల పెద్దయ్యేసరికి ఎండలెలా ఉంటాయోనని నా బెంగ. ఇప్పుడు ప్రయాణం మానేస్తే, తను రావడమే తప్పని అది నమ్మేస్తుంది. అందుకే బతిమాలి బయల్దేరదీశాను.

పొద్దున్నే నరసాపురం వైపు నుంచి వచ్చే రైలెక్కాం. చోటున్నా హాసిని సీట్లో కూర్చోదు.

"ఎత్తుకో అమ్మా. నేను నీ మీదుంటే రైలుకి బరువుండదు."

ఎదురుగా ఎండుచేపల బుట్టతో రాజమండ్రి మార్కెట్‌కి వెళ్తున్న ఒకావిడ పడీపడీ నవ్వింది. "అయితే నా బుట్ట కూడా మీ అమ్మ ఒళ్ళో పెట్టేద్దామేంటే?"

విషయం చెప్పాను.

"నువ్వెక్కకపోతే రైలాగిపోద్దా బంగారం?" అందావిడ హాసినితో.

"అందరూ అలాగే అనుకుంటే ఎలాగండీ?" అన్నాను.

"అందరూ దిగిపోతే నేనెవరితో మాట్లాడనమ్మా, చేపలతోనా?"

కొవ్వూరు దాటాక వంతెన ఎక్కాం. పైన రోడ్డు, కింద పట్టాలు ఉన్న వంతెన అది. కొత్త నీటితో గోదావరి ఎర్రగా ఉంది. రాజమండ్రిలో దిగి ఫోన్ చూస్తే, మేం నదిని కారులో దాటినట్టు రాసుంది! పైనున్న రోడ్డుని చూసి యాప్ పొరబడింది. రైలని మార్చాను. డీజిలా, కరెంటా అని అడిగింది. కరెంటే, కానీ అది బొగ్గుతో వచ్చిందో నీళ్ళతో వచ్చిందో నాకేం తెలుసు? పెట్టెలో ఎంతమంది ఉన్నారని అడిగింది. దారిపొడవునా ఎక్కేవాళ్ళు ఎక్కుతూ, దిగేవాళ్ళు దిగుతూనే ఉన్నారు. నేను ఒక్కో జవాబు ఇచ్చినప్పుడల్లా అంకె ఒక్కోలా మారింది. ఇన్నాళ్ళూ నిద్ర మానుకుని బాధపడింది ఇలాంటి అంకెలు చూసేనా అనిపించి నవ్వొచ్చింది.

బస్ కాంప్లెక్స్ దగ్గరే ఇడ్లీ తినేశాం. మీరూ అలాగే చేయండి, జాతర రోజుల్లో పెద్దాపురం హోటళ్ళలో నిలబడ్డానికి కూడా చోటుండదు. తర్వాత పల్లెవెలుగు బస్సు. ఆడవాళ్ళకి ఉచితం కాబట్టి ఆధార్ చూపిస్తే కండక్టర్ సున్నా టిక్కెట్టు ఇచ్చారు. సున్నాని హాసిని గుర్తుపట్టింది.

"మన పొగ సున్నానా అమ్మా?"

అవుననేస్తే గొడవ వదిలేది. నోరు రాలేదు.

"కాదే. పొగ వస్తుంది. బస్సులో ఉన్న అందరం పంచుకుంటాం."

"నా వాటా ఎంత?"

"తెలీదు."

"నీ ఫోన్‌కి?"

"దానికీ సరిగ్గా తెలీదు. మనిద్దరమే కారులో వెళ్తే మాత్రం నీ వాటా చాలా పెద్దది. ఇక్కడ చిన్నది."

చాక్లెట్టు పంచితే ముక్క చిన్నదైపోతుందని దానికి బాగా తెలుసు. బస్సులోనూ నా ఒళ్ళోనే ఉన్నదల్లా దిగి సీట్లో కూర్చుంది.

ఆ సాయంత్రం జాతరలో తలమీద అలంకరించిన కుండలతో ఆడే గరగలు, డప్పులు, రంగురంగుల లైట్లు. లైట్ల వెనక జనరేటర్ హోరెత్తిపోతుంటే అక్క నన్ను మోచేత్తో పొడిచింది. "ఏమే, ఈ పొగ ఎవరి ఖాతాలో రాస్తావ్? నాదా, అమ్మవారిదా?"

"నీదే. పిలిచింది నువ్వేగా!"

మర్నాడు మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. యాప్ తీసెయ్యలేదు. అది చెప్పేది సుమారు లెక్కని మాత్రం గుర్తుపెట్టుకున్నాను. కారు కన్నా బస్సూ రైలూ మేలని తెలుసుకోవడానికి కచ్చితమైన అంకె అక్కర్లేదు.

మా బస్సు సగం ఖాళీగా ఉంది. హాసిని సీటు మీద మోకాళ్ళేసి, కిటికీలోంచి రోడ్డు మీద వాళ్ళని పిలవడం మొదలుపెట్టింది. "రండి, రండి! బోల్డంత చోటుంది, ఎక్కండి!"

"మీ పాప నా ఉద్యోగానికి ఎసరు పెట్టేలా ఉందండీ," అన్నారు కండక్టర్.

రంగంపేట దాటేసరికి బస్సు కిక్కిరిసిపోయింది. నా సీటు ఒక పెద్దావిడకి ఇచ్చి, రాజమండ్రి దాకా నిలబడే వచ్చాను. అంత రద్దీలోనూ హాసిని సీట్లోంచే నన్ను కళ్ళతో వెతికి పట్టుకుని, బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి చూపిస్తూ అరిచింది.

"అమ్మా, ఇప్పుడు నాది ఇంతే!"