తమ్ముడి రాళ్లకుప్ప

తొంభైల్లో దుఖాన్ చమురు క్యాంపులో ఒక ఐర్లాండ్ ఇంజనీరుకి నేను డ్రైవర్ని. దోహా నుంచి ఎడారిలో వెళ్లే దారి పొడుగునా ఆయనకి ఒకటే ప్రశ్న, "ఈ గుట్ట పేరేంటి?" అని. పేరుంటే కదా! నేనే పెట్టేవాణ్ణి. ఒంటె అలిగి కూర్చున్న గుట్ట. జిన్ను భూతం తలపాగా పారేసుకున్న దిబ్బ. ఆయన నవ్వకుండా వినేవాడు. ఒకరోజు తనూ ఒకటి చెప్పాడు. వాళ్ల ఊరి దగ్గర ఒక ముసలమ్మ ఒడి నిండా రాళ్లు పోసుకుని పోతుంటే ఒడి జారిందట. పడిన రాళ్లే కొండ అయ్యాయట. ఆ కొండకి ఇప్పటికీ ముసలమ్మ పేరే.

"నిజమేనా సార్?"

"కొండ ఉంది, పేరుంది. ఇంకేం కావాలి?" అన్నాడు.

ఒక చలికాలంలో మా క్యాంపు నీళ్ల ట్యాంకర్ అదే దారిలో బోల్తా పడి, దాన్ని నడిపే కడప అతను పోయాడు. అతని అక్క దోహాలోనే, అల్ హిలాల్‌లో ఒక ఇంట్లో వంటమనిషి. శవం ఊరికి వెళ్లింది గానీ ఆమెకి సెలవు దొరకలేదు. నెలల తర్వాత దొరికితే, బయల్దేరే ముందు నన్ను పట్టుకుంది.

"న్నా, మాయమ్మ అడుగుతాది, పిల్లోడు యాడ పడినాడని. ఆ జాగా సూపీ. నువ్వు కతలు శానా చెప్తావంట. ఈ ఒక్కపారి చెప్పాకు."

శుక్రవారం ఇంజనీరుని దుఖాన్‌లో దింపడానికి వెళ్తూ, ఆయన సరేనంటే, ఆమెని వెనక సీట్లో కూర్చోబెట్టుకున్నాను. ఆ చోటు నేను చూడలేదు. చూసినవాళ్లని అడిగితే తలా ఒక చోటు చెప్పారు. ట్యాంకర్‌ని ఎప్పుడో ఎత్తుకుపోయారు. ఇసుక మీద గుర్తులేం మిగల్లేదు. ఏదో ఒక దిబ్బ చూపించి నాలుగు మాటలు అల్లడం నాకు చేతకాని పనా? అద్దంలో ఆమె ముఖం కనిపించింది. బండి పక్కకి ఆపాను.

"ఈ మలుపు నుంచి ఆ దిబ్బ దాకా, ఎక్కడో చెల్లీ. అంతకు మించి నాకు తెలీదు. ఒట్టు."

ఆమె దిగింది. అటూ ఇటూ నడిచి, ఒక ముళ్లచెట్టు దగ్గర ఆగింది.

"ఈడే."

"నీకెలా తెలుసు?"

"ఈడ రవ్వంత నీడ ఉండాది న్నా. ఎండంటే వానికి పడదు."

ఆమె అన్నది ఇంజనీరుకి ఇంగ్లీషులో చెప్పాను. ఆయన టోపీ తీసి, ఒక రాయి ఏరి చెట్టు కింద పెట్టాడు. దారిలో మనిషి పోయిన చోట, అటుగా వెళ్లేవాళ్లంతా తలా ఒక రాయి పెట్టడం వాళ్ల దేశంలో అలవాటట. ఆమె ఒకటి పెట్టింది. నేనూ పెట్టాను.

"చెట్టు కాడ అని చెప్తాలే అమ్మకు," అంది, కొంగుతో చేతులు తుడుచుకుంటూ.

ఈ సంగతి క్యాంపు డ్రైవర్లకి చెప్పాను. అటు వెళ్లినప్పుడల్లా ఆగి తలా ఒక రాయి వేసేవారు. కుప్ప పెరిగింది. "తమ్ముడి కుప్ప దాటినాక ఎడమకి" అని దారి చెప్పుకోవడం మొదలైంది. కొన్నేళ్లకి, కొత్తగా వచ్చిన కరీంనగర్ డ్రైవర్ బండి నడుపుతూ నాకే చెప్పాడు.

"గీడ ఒక తమ్ముడు అక్కకు నీళ్లు తీస్కపోతుండెనట కాకా. జిన్ను అడ్డమొచ్చి అడిగిందట. పానం బోయినా ఇయ్యలేదు. గందుకే గా చెట్టు ఎన్నడూ ఎండది."

ఆ జిన్నుకి ఇంకో రెండు కొమ్ములు తగిలిద్దామని నాలుక దురద పెట్టింది. కానీ బండి ఆపమని, దిగి, రాయి కోసం వెతికాను. చెట్టు చుట్టుపక్కల ఒక్కటీ లేదు. అన్నీ కుప్ప మీదికి ఎక్కేశాయి. చాలా దూరం నడిచి తెచ్చాను.