ఎల్ఫుల భాషకు నేను రాసిన వ్యాకరణం

ఆ రోజుల్లో గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్ చదివే కుర్రాళ్లలో సగం మంది ఇంజనీర్లు కావాలనుకునేవాళ్లు, మిగతా సగం మంది డాక్టర్లు కావాలని వాళ్ల అమ్మానాన్నలు అనుకునేవాళ్లు. నేను మాత్రం ఒక జాతికి భాష ప్రసాదించే పనిలో ఉండేవాణ్ని. ఆ జాతి నన్ను అడగలేదు. అసలు ఆ జాతే లేదు. ఇంగ్లీషు కథల్లో ఎల్ఫులని కొందరుంటారు. చెవులు కొసదేరి ఉంటాయి, అడవుల్లో ఉంటారు, చావు లేదు, చెమట పట్టదు. సెలవుల్లో ఎవరో ఇచ్చిన అలాంటి కథల పుస్తకమొకటి చదివాక, వాళ్లకి సరైన భాష లేకపోవడం నాకు అన్యాయంగా తోచింది. రెండో సంవత్సరం కెమిస్ట్రీ రికార్డు వెనక పేజీల్లో ఆ అన్యాయాన్ని సరిదిద్దడం మొదలుపెట్టాను. (కెమిస్ట్రీ రికార్డు ముందు పేజీల్లో జరిగిన అన్యాయం సంగతి వేరే.)

ముందు శబ్దాలు చూసుకున్నాను. మాది ప్రకాశం జిల్లా సరిహద్దులో మిరప, పత్తి పండే ఊరు. మా నాన్న ఈ గట్టు మీద మాట్లాడితే మూడో చేలో ఉన్నవాళ్లు జవాబిస్తారు. అలాంటి గొంతులకు పనికొచ్చే ట, డ, ణ, ళ ఎల్ఫుల నోటికి తగవని నాలుగింటినీ భాషలోంచి బహిష్కరించాను. ప్రతి మాటా సన్నగా ఎకారంతో ముగియాలన్నాను. తర్వాత వ్యాకరణం. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి ఇందులో ముందుకొచ్చింది. బహువచనం కావాలంటే మొదటి అక్షరం రెండుసార్లు పలకాలి: సాలె అంటే దారి, సాసాలె అంటే దారులు. కాదు, లేదు అని చెప్పాలంటే చివరి ఎకారాన్ని సాగదీయాలి. చెట్లని ‘గారు’ అనాలి, మనుషుల్ని ‘ఒరేయ్’ అంటే చాలు. అన్నిటికంటే నేను గర్వపడిన సూత్రం ఒకటుంది. చావులేని వాళ్లకి తొందరేముంటుంది, అందుచేత భవిష్యత్ కాలం అక్కర్లేదు. ఆ సూత్రం తట్టిన రోజు హాస్టల్ మెస్సులో అన్నం కూడా సరిగ్గా తినలేకపోయాను, అంత గొప్పగా ఉంది నాకు.

భాష అన్నాక మాట్లాడేందుకు ఇంకొకడు ఉండాలి. నా పక్క మంచం వాణ్ని అందరూ సాంబారు అనేవాళ్లు, ఆ మెస్సులో సాంబారు రెండోసారి అడిగినవాడు చరిత్రలో వాడొక్కడే కాబట్టి. మంచివాడు, కాదనలేడు. రోజుకి పది మాటలు అప్పజెప్పించేవాణ్ని. వాడికున్న ఇబ్బంది రెండు రకాలు. నేను వారానికోసారి వ్యాకరణం మార్చేవాణ్ని. పైగా వాడికి ఆవలింతలెక్కువ. వాక్యం చివర ఆవలించేసరికి ఎకారం సాగి, చెప్పిందంతా లేదని అయిపోయేది.

పబ్లిక్ పరీక్షలు దగ్గర పడ్డాయి. ఓ ఆదివారం టెస్టులో వార్డెన్ సారు వరసల మధ్య తిరుగుతూ సాంబారు పరీక్ష అట్ట కింద నుంచి చీటీ ఒకటి లాగారు. నా చేతిరాతే. ‘సాగె సాలె ఎలపె. ఓవె బోదె దాపె. ఉనె తాలె కలామె.’ ఆయన దాన్ని రెండుసార్లు చదివి, తలకిందులుగా పెట్టి ఇంకోసారి చూసి, మా ఇద్దరినీ ప్రిన్సిపాల్ గారి గదికి తీసుకెళ్లారు.

“కాపీ కోడ్ సార్ ఇది,” అన్నారు. “ఎలపె అంటే ఏ, దాపె అంటే డీ. ఆబ్జెక్టివ్ ఆన్సర్లు పంపించుకుంటున్నారు.”

ప్రిన్సిపాల్ గారు అరిచే మనిషి కాదు. అందుకే అందరికీ భయం. “ఏంటిది?” అన్నారు.

“భాష సార్,” అన్నాను.

“ఏ భాష?”

“ఎల్ఫుల భాష సార్. నేనే తయారు చేశాను.”

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. చీటీ అర్థం అడక్కపోతే బాగుండనుకున్నాను. (ఎందుకో చెప్తాను.) కానీ ఆయన లెక్కల మాస్టారు, అర్థాలు కాదు, రుజువు కావాలాయనకి. సాంబారుని పక్క గదిలోకి పంపి, నాకో కాగితమిచ్చి, “‘రేపు మా నాన్న వస్తాడు’ అని రాయి నీ భాషలో. పక్క గదిలో వాడు చదివి తెలుగులో చెప్తే భాషే అని ఒప్పుకుంటా,” అన్నారు.

భాషకర్తగా నాకది పరమ సులువు కావాలి. కానీ ‘రేపు’ దగ్గరే ఆగిపోయాను. భవిష్యత్ కాలం లేదు కదా. చెమటలు పట్టాయి (ఎల్ఫులకి పట్టవు). చివరికి ‘నాన్న ఎప్పటినుంచో వస్తూనే ఉన్నాడు’ అనే అర్థం వచ్చేలా ఏదో రాసిచ్చాను. అవతల సాంబారు ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, “చెట్టు గారు పడిపోలేదు,” అన్నాడట.

“రేపు మీ నాన్నగారు నిజంగానే వస్తారు,” అన్నారు ప్రిన్సిపాల్ గారు. “టీసీ రాసి పెడతాను.”

అప్పుడు మా ఊళ్లో మిరప కోతలు ముమ్మరంగా ఉన్నాయి. కోసిన కాయ కల్లంలో ఎండుతోంది, మబ్బు పడితే పట్టాలు కప్పాలి. అలాంటి రోజున పని వదిలేసి, రెండు బస్సులు మారి, చొక్కా కాలరు మీద ఎర్రటి మిరప దుమ్ముతో నాన్న వచ్చాడు. వార్డెన్ సారు, సాంబారు కూడా ఉన్న ఆ గదిలో ఆయన్ని చూశాక నాకు మొదటిసారి నిజమైన భయం పట్టుకుంది. టీసీ ఇస్తే ఏడాది పోతుంది. నా గొప్ప భాషలో దానికి మాట లేదు, తెలుగులో మాత్రం చాలా ఉన్నాయి.

“కూర్చోండి. మీవాడు కోడ్ రాసి కాపీ చేయిస్తున్నాడు,” అని ప్రిన్సిపాల్ గారు చీటీ చేతికిచ్చారు.

నాన్న ఏడో తరగతి దాకా చదివాడు. వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాడు. కనుబొమలు ముడిపడ్డాయి. ఇంకోసారి పైకే చదివాడు.

“కాపీ కాదు సారూ,” అన్నాడు. “ఎలపట, దాపట అంటే ఎద్దులండి. కాడికి కుడిపక్క కట్టేది ఎలపటది, ఎడంపక్కది దాపటది. సాలంటే తెలుసుగా, చేలో నాగలి గీత. బోదె అంటే నీళ్ల కాలవ. ఓవ్ అంటే ఎద్దుని ఆపటం. కుడి సాలెంబడి సాగు, బోదెకి ఎడంపక్కన ఆగు. ఈడు ఎవరికో దారి చెబుతున్నాడండి.”

ఆ మాటలన్నీ వెన్నెల్లోంచి నా మీదికి రాలాయని నమ్మి ఉన్నాను. అరడజను పున్నమి రాత్రులు మేడ మీద నిలబడి ఎదురుచూసి మరీ సంపాదించుకున్నాను. అవి మా దొడ్లోంచీ చేలోంచీ వచ్చి, ట, డలు ఊడదీసుకుని నిలబడ్డాయని ఆ క్షణందాకా నాకు తెలీదు.

“ఎక్కడికి దారి?” అన్నారు ప్రిన్సిపాల్ గారు నావైపు తిరిగి.

దాచి లాభం లేదు. “స్టడీ అవర్ ఎగ్గొట్టి, మురుక్కాలవ పక్కన బజ్జీల బండి దగ్గరికి సార్,” అన్నాను.

“మరి చివరిది?”

నాన్నే చెప్పాడు, పాపం ఆయనకేం తెలుసు. “తాలు కల్లంలో ఉంది, అనండి.”

తాలంటే రంగు పోయి తెల్లబడ్డ మిరపకాయ. ధర పలకదు, మంచి కాయలోంచి ఏరి అవతల పోస్తారు. కల్లం అంటే ఎక్కడని ప్రిన్సిపాల్ గారు అడిగితే, మా హాస్టల్ వాకిలి అని చెప్పాల్సి వచ్చింది. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి ఒక్కరే. గదిలో అందరం ఒకేసారి ఆయన వైపు చూశాం. వార్డెన్ సారుది సత్తెనపల్లి దగ్గర మిరప పండించే కుటుంబమే. ఆయనకి ఎవరూ వివరించక్కర్లేకపోయింది.

“నేను తాలునా?” అన్నారాయన చాలా నెమ్మదిగా. కాపీ కోడ్ అనుకున్నప్పుడు కూడా ఆయన అంత నొచ్చుకోలేదు.

ప్రిన్సిపాల్ గారు కిటికీ వైపు తిరిగి ఏదో దగ్గారు. భుజాలు కదలడం నేను చూశాను. టీసీ కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టారు. ముందు నాన్న లేచి వార్డెన్ సారుకి దండం పెట్టి, “కుర్రనాయాలు, తెలీక రాశాడండి,” అన్నాడు. అది చూసి నాకు నోరు పెగిలింది. నేనూ, సాంబారూ క్షమాపణ చెప్పుకున్నాం. నెలరోజులు స్టడీ అవర్‌లో వార్డెన్ సారు కుర్చీ పక్కనే నేల మీద కూర్చుని చదవాలన్నది శిక్ష. (అలా కూర్చోబట్టే నాకు కెమిస్ట్రీ గట్టెక్కింది. వార్డెన్ సారు నన్ను మాత్రం పరీక్షలయ్యేదాకా ‘ఏమయ్యా, నాణ్యమైన కాయా’ అనే పిలిచారు.)

సాయంత్రం నాన్నని బస్టాండు దాకా దిగబెట్టాను. తిడతాడని ఎదురుచూస్తూనే దారంతా ఎల్ఫుల సంగతి చెప్పాను. తిట్టలేదు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక అడిగాడు.

“ఏరా, వాళ్లకి చావు లేదన్నావే. మరి పనేం చేస్తారు?”

“పనేమీ ఉండదు నాన్నా. పాడుకుంటారు.”

“అంతేలే,” అన్నాడు ఆలోచిస్తూ. మళ్లీ, “ఇంటికెప్పుడొస్తావ్ అనేదానికి ఏమంటార్రా అందులో?” అన్నాడు.

అప్పటికప్పుడు కట్టి చెప్పాను. “యేనె లవినె ఇలె.”

నాన్న దాన్ని నోట్లో రెండుసార్లు తిప్పుకున్నాడు. బస్సు కదిలింది. ఆయన తల బయటపెట్టి, చేలో పిలిచినట్టే గొంతెత్తి, “ఏణే ళవిణే ఇళ్ళే,” అన్నాడు. నేను బహిష్కరించిన అక్షరాలు ఒక్కొక్కటే ఊరేగింపుగా వెనక్కొచ్చాయి. ఎకారాలన్నీ సాగదీశాడు కాబట్టి వ్యాకరణం ప్రకారం అది ‘ఇంటికెప్పుడూ రావా’ అయింది. ప్లాట్‌ఫారం మీద జనమంతా తిరిగి చూశారు. కాలేజీ వాళ్లెవరైనా ఉన్నారేమోనని నేను గబుక్కున ఓ సిమెంటు స్తంభం వెనక్కి జరిగాను. బస్సు మలుపు తిరిగేదాకా ఆయన చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

ఇప్పుడు నేను ఒంగోల్లో ఓ ఆఫీసులో ఉత్తర్వులు రాస్తుంటాను. అవి ఎవరికీ అర్థం కావు, అయినా ఎవరూ కోడ్ అనుకోరు. ఆ భాషలో నాకిప్పుడు పది మాటలు గుర్తుంటే ఎక్కువ. దాన్ని నోరారా మాట్లాడిన ఒకే ఒక్క మనిషి మా నాన్న అని మాత్రం ఒప్పుకుంటాను. గుంటూరు బస్టాండు మీదుగా వెళ్లినప్పుడల్లా ఆ స్తంభాల వైపు కళ్లు వెళ్తాయి. ఎందుకురా సిగ్గు, ఇవతలికి రా, వచ్చి చెయ్యి ఊపు అని ఆ పదిహేడేళ్ల పండితుడికి చెప్పాలనిపిస్తుంది. వాడు వినడు. స్తంభం వెనక నిలబడి, ఆయన ఉచ్చారణలో తప్పులు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు.