టకటక బావ

రోడ్డు మీద హెల్మెట్ పెట్టుకున్న తల కనబడితే చాలు, వేలి కణుపుతో టక్ టక్‌మని తట్టి, తిట్లు తిని, నవ్వుకుంటూ వచ్చేసే మనిషిని ఏమనాలి? జీవితమంతా పుస్తకాల్లో తల దూర్చి గడిపాను గానీ, ఆ మాట మాత్రం నాకు ఇప్పటికీ దొరకలేదు. ఊరివాళ్లకి ఎప్పుడో దొరికింది. వాళ్లు మా బావని ‘టకటక’ అనేవారు.

బావ అంటే మా అక్క మొగుడు. హెల్మెట్లు అమ్మేవాడు. ఈ తట్టుడు ఆయనకి పుట్టుకతో వచ్చింది కాదు. ఒక కంపెనీ తన నల్ల హెల్మెట్లు ప్రమాణాల పరీక్షలో తప్పాయని, దెబ్బ తగిలితే అప్పడంలా విరుగుతున్నాయని, అమ్మినవన్నీ వెనక్కి తీసుకుని వేరేవి ఇమ్మని దుకాణాలకి కబురు పెట్టింది. బావ కొట్టు ముందు తన నిలువెత్తు బోర్డు పెట్టాడు. ఒక్క నరపురుగు కూడా రాలేదు. “గట్టిగానే ఉందిగా” అనుకుంటూ జనం వాటితోనే తిరిగారు. బావకి ఈ జబ్బు పట్టుకుంది అప్పుడే.

సిగ్నల్ దగ్గర తట్టేవాడు. పెట్రోలు బంకులో తట్టేవాడు. హెల్మెట్ తియ్యకుండా బ్యాంకులో వరసలో నిలబడ్డ పెద్దమనిషిని తట్టాడు. ఆఖరికి ట్రాఫిక్ పోలీసుని కూడా వదల్లేదు.

పోలీసు తన హెల్మెట్ ఊడబెరికి, “ఏయ్, ఒళ్లెలా ఉంది?” అని గర్జించాడు.

“నా ఒళ్లు సరే సార్. మీ తల బాగుంది, అంతే చాలు,” అన్నాడు బావ, ఆయన చేతిలోని హెల్మెట్‌లోకి తొంగిచూస్తూ.

ఆ పూట స్టేషన్ నుంచి బావని విడిపించుకొచ్చింది నేనే. దారిపొడుగునా స్కూటరు మీద వెనక కూర్చుని నా తల తడుతూనే ఉన్నాడు.

“వ్యాపారం దెబ్బతిని మతి పోయిందిరా ఈయనకి,” అని అక్క ముక్కు చీదింది. “నిన్న పాలవాణ్ణి తట్టారు. వాడివాళ పాలు పొయ్యలేదు!”

“పుచ్చకాయ కొనేటప్పుడు తట్టి చూడవూ?” అన్నాడు బావ.

“తలకాయలు నువ్వు కొనడం లేదుగా బావా!”

“కొనడం లేదోయ్. వాటి మీదకి అమ్మాను.”

ఆయనకి సరిజోడు మా అమ్మాయే. మావయ్య తడితే, తనూ మావయ్య హెల్మెట్ మీద రెండు తట్టి, కిసుక్కున నవ్వి బండి పోనిచ్చేది.

ఒక ఉదయం వరండాలో చదువుకుంటున్నాను. అమ్మాయి నీలం హెల్మెట్ పెట్టుకుని ఆఫీసుకి బయల్దేరుతోంది. బావ తన స్కూటరు గేటు బయట ఆపి, పరుగున వచ్చి, బండికి అడ్డంగా నిలబడి టక్ టక్‌మన్నాడు.

“టక్ టక్ మావయ్యా! లేటయిపోయింది, జరుగు!”

మళ్లీ తట్టాడు. మళ్లీ తట్టింది.

“తియ్యవే తల్లీ!” బావ బండి హ్యాండిల్ పట్టుకున్నాడు. “అందరిలా నన్ను తిట్టడానికైనా తియ్యి!”

అమ్మాయి బిత్తరపోయి తీసింది. బావ దాన్ని లాక్కుని, లోపల అంటించిన కంపెనీ చీటీ కళ్లకి ఆనించుకుని చదివాడు.

“ఇదే. నీలంవి కూడా పరీక్ష తప్పాయిట, ఇందాకే ఫోన్ చేశారు. ఉద్యోగం వచ్చిందని ముచ్చటపడి నీకిది ఇచ్చింది నేనేనే!”

నా చేతిలో పుస్తకం జారిపోయింది. నెత్తిన తడితే ఎవడైనా హెల్మెట్ తీసి మరీ తిడతాడు. తీస్తే చీటీ కనబడుతుంది! ఆ మధ్య పాలవాడి నెత్తిన తళతళలాడిన కొత్త హెల్మెట్ గుర్తొచ్చింది.

“నోరు తెరిచి అడిగితే పోయేదిగా బావా?”

“అడిగితే రేపు చూద్దాం అంటారోయ్. తడితే అప్పుడే తీస్తారు.”

బావ తన హెల్మెట్ అమ్మాయికి పెట్టి, పట్టీ తనే బిగించాడు. చక్కగా సరిపోయింది. ఇద్దరి తలలూ ఒకే సైజు, మొండితనం కూడా. అమ్మాయి అలవాటుగా చెయ్యెత్తి, తట్టడానికి మావయ్య తల మీద హెల్మెట్ లేకపోవడంతో, ఆయన చెంప నిమిరి వెళ్లింది.

ఆయనకి మంచినీళ్లు తెద్దామని లోపలికెళ్లాను. వచ్చేసరికి బావ లేడు. వస్తానోయ్ అన్న మాటైనా లేదు. గేటు దాకా వెళ్లి చూస్తే, నీలం హెల్మెట్ అద్దానికి తగిలించుకుని, స్కూటరు తోసుకుంటూ నడిచి పోతున్నాడు. హెల్మెట్ లేకుండా బండెక్కే మనిషి కాదు మరి.

వీధి మలుపులో ఎవరో మోటార్‌సైకిల్ ఆపుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. బావ స్కూటరుకి స్టాండు వేసి, వేలు మడిచాడు.

“ఎవడ్రా అది?” అన్న కేక మా గేటు దాకా వినబడింది.

ఆ మనిషి హెల్మెట్ తీశాడు.