బిజిలీకి మెత్తటి నేల

కాశిబుగ్గలో కట్టయ్య ఇల్లెక్కడని అడిగితే ఎవరూ ఇంటి నంబరు చెప్పరు. గుర్రపోళ్ల ఇల్లు అంటారు. నిజానికి వాళ్లు నేతవాళ్లు. తండ్రి నేసిన గుంట మగ్గం మీదే కట్టయ్య కూడా సగం వయసు దాకా నేశాడు. నేసింది కొనేవాడు కరువయ్యాక మగ్గం విప్పేసి, గుంట మీద బండలు పరిచి, ఆ గదిలో ఒక తెల్ల గుర్రాన్ని తెచ్చి కట్టేశాడు. దానికి బిజిలీ అని పేరు పెట్టుకున్నాడు. పెళ్లికొడుకులను మోయడం దాని పని, కళ్లెం పట్టుకుని ముందు నడవడం ఇతని పని. ఊళ్లో ఎంతమంది పెళ్లికొడుకులను ఊరేగించాడో గానీ, ఎవరి పెళ్లి ఫొటోలోనూ కట్టయ్య మొహం సగానికి మించి పడలేదు.

మగ్గం గది మనిషి కూర్చుని నేయడానికి కట్టింది, గుర్రం తిరగడానికి కాదు. బిజిలీ తల ముందు పెట్టి లోపలికి పోతుంది. బయటికి రావాలంటే వెనక్కి నడవాల్సిందే. కట్టయ్య గోడకు ఒత్తుకుంటూ దాని ముందుకు చేరి, ఛాతీ మీద చెయ్యి వేసి "ఎన్కకు, ఎన్కకు" అంటాడు. అది తోక ముందుగా గుమ్మం దాటి, సందులోనూ అలాగే వెనక్కి నడిచి, మూల మీది కిరాణా కొట్టు దగ్గరికి వచ్చాకే తిరుగుతుంది. చూసేవాళ్లకు ఇదొక తమాషా. గుర్రానికి మాత్రం రోజూ ఉండే బాధే.

పోయిన పెళ్లిళ్ల కాలంలో బిజిలీ కుంటడం మొదలుపెట్టింది. పశువుల దవాఖాన డాక్టరు ముందుకాళ్లు ఎత్తి చూశాడు. గిట్టలు పగిలాయి. "సిమెంటు రోడ్ల మీదనే తిప్పినవనుకో, వచ్చే పెళ్లిళ్ల దాకా ఇది నిలబడదు. మెత్తటి నేల మీద ఉంచు" అన్నాడు. చెప్పడానికేం, చెప్పాడు. కాశిబుగ్గలో మెత్తటి నేల ఎక్కడుందో ఆయనే చూపించి ఉంటే బాగుండేది. మోరీల మీద కూడా సిమెంటు పోసిన వాడకట్టు అది.

సరిగ్గా అప్పుడే దీప్తి ఫోన్ చేసింది. మడికొండలో కంప్యూటర్ ఉద్యోగం చేసే పిల్ల. వాళ్ల అక్క పెళ్లిలో పెళ్లికొడుకు ఊరేగింది బిజిలీ మీదే. ఊరవతలి చెరువు దగ్గర కొత్తగా పక్షుల పార్కు తెరిచారట. చుట్టూ తడినేల, జమ్ము, గడ్డి. ఆఫీసు దోస్తులంతా అక్కడ డేరాలు వేసుకుని పడుకుంటారట, పొద్దున్నే గట్టు మీద గుర్రపు స్వారీ చేస్తారట.

"మంచిగైతే పార్కు నడిపేటోళ్లు గుర్రాన్ని అక్కడనే ఉంచుకుంటరట అంకుల్. చూసుకునేటందుకు మీరు కూడ అక్కడనే ఉండొచ్చు" అంది దీప్తి.

కట్టయ్యకు ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆశ కూడా ఆకలిని చంపుతుందని అతనికి అప్పుడే తెలిసింది. బిజిలీ గడ్డిలో నిలబడినట్టు, తాను చెట్టు కింద కూర్చుని దాన్ని చూస్తున్నట్టు ఒకటే ఊహలు.

దీప్తి అతన్ని వాట్సాప్ గ్రూపులో చేర్చింది. ఇక ప్రశ్నల వాన. గుర్రం బయట పడుకుంటుందా? టార్చిలైటుకు బెదురుతుందా? బురదలో దిగుతుందా? ఎప్పుడూ ఎక్కనివాళ్లు ఎక్కొచ్చా? కట్టయ్య చదవలేక కాదు గానీ, టైపు చేసే ఓపిక లేక, అన్నింటికీ గొంతు రికార్డు చేసి ఒక్కటే మాట పంపాడు. "ఐతది మేడం." పెళ్లిబ్యాండు పనిలో ఉన్నవాళ్లు కాదనరు. ఒక్కసారి కాదంటే ఆ ఇంటివాళ్లు మళ్లీ పిలవరు. ఆ అలవాటు అతని నాలుకకు అంటుకుపోయింది.

"అన్నిటికి ఐతది ఐతది అంటానవు, గుర్రాన్ని అడిగినవా ఒక్కపారి?" అంది భార్య అనసూర్య, శనగలు నానబోస్తూ.

"దానికేం ఎరుక? దాని ఫికరే కదా నాది" అన్నాడు కట్టయ్య.

క్యాంపుకు వారం ముందు అందరూ చోటు చూసుకోవడానికి వెళ్లారు. కట్టయ్య బిజిలీని ట్రాలీ బండిలో ఎక్కించుకుపోయాడు. గేటు దగ్గర పెద్ద బోర్డు ఉంది, పాటలు, డప్పులు, హారన్లు బందని. పక్షులు బెదురుతాయట. మంచిదే కదా అనుకున్నాడు కట్టయ్య. బరాత్ ఊరేగింపుల మోతతో అతని చెవులు కూడా ఎప్పుడో అలిసిపోయాయి.

బిజిలీ బండి దిగి తడిగడ్డిలో కాలు పెట్టింది. పెట్టిన కాలు ఎత్తి, మళ్లీ పెట్టింది. కుంటకుండా అతని వెంట గట్టు దాకా నడిచింది. కట్టయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

దీప్తి ఎక్కి కూర్చుంది. బిజిలీ కదలలేదు. కట్టయ్య కళ్లెం లాగాడు, మెడ నిమిరాడు, "నడువే బిడ్డా" అని బతిమాలాడు. రాయిలా నిలబడింది. అప్పుడు తట్టింది అతనికి. ఊరికే అయితే అది అతని వెంట ఎక్కడికైనా వస్తుంది. వీపు మీద మనిషి ఎక్కాక మాత్రం డప్పు మోగితేనే కదులుతుంది, డప్పు ఆగితే ఆగుతుంది. అలా నేర్పింది అతనే. బ్యాండు లేకుండా దాని మీద మనిషిని ఎక్కించిన రోజే లేదు కనుక, ఆ సంగతి గుర్తే రాలేదు.

ఏం చేయాలో తోచక, దాణా బకెట్ తిరగేసి మెల్లగా దరువు వేశాడు. బిజిలీ చెవులు నిక్కాయి. వెంటనే బరాత్ చిందు మొదలుపెట్టింది. ముందుకు రెండడుగులు, వెనక్కి ఒకటి. గిట్టల కింద బురద చింది దీప్తి బట్టల మీద పడింది. చెరువులో కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. పార్కు వాచ్‌మన్ ఉరికొచ్చి బకెట్ గుంజుకున్నాడు.

"పక్షులు లేస్తే నా నౌకరి పోతది పెద్దమనిషీ. గుర్రాన్ని తీస్కపో" అన్నాడు.

దీప్తి దిగింది. ఆ పిల్లకు కోపం రాలేదు, అదే కట్టయ్యకు ఇంకా కష్టంగా అనిపించింది.

"నేర్పిస్త మేడం, జర టైమియ్యి" అన్నాడు.

"వచ్చే వారమే కదా అంకుల్. మేం సైకిళ్లు పెట్టుకుంటం. మీరేం అనుకోవద్దు" అంది.

వాళ్లు డేరాలు వేసే చోటు చూడటానికి అటు వెళ్లిపోయారు. కట్టయ్య బిజిలీని తుమ్మచెట్టుకు కట్టి జీను విప్పాడు. కాసేపయ్యాక, పోదామని తాడు విప్పి, అలవాటు కొద్దీ దాని ఛాతీ మీద చెయ్యి వేశాడు. బిజిలీ వెనక్కి నడవడం మొదలుపెట్టింది. అతను చెయ్యి తీసేశాడు. అయినా అది ఆగలేదు. చుట్టూ కంటికి ఆనినంత ఖాళీ నేల ఉంది. అది తిరగొచ్చు, ఉరకొచ్చు, పొర్లొచ్చు. అది మాత్రం తోక ముందుగా, ఇటూ అటూ గోడలున్నట్టే, తిన్నగా వెనక్కి పోతూనే ఉంది. ఇక్కడెక్కడా కిరాణా కొట్టు మూల లేదని దానికి ఎవరు చెప్పాలి?

కట్టయ్య గడ్డిలో కూలబడి ఏడ్చాడు. మగ్గం విప్పి ఇన్నేళ్లయినా కుర్చీలో కూర్చుంటే తన కాళ్లు తొక్కుడు కర్రల కోసం వెతుకుతాయి. ఆ గదిలోంచి తాను బయటపడ్డానని ఇన్నాళ్లూ అనుకున్నాడు. బయటపడకపోగా, ఏ పాపం ఎరగని ఇంకో ప్రాణాన్ని తెచ్చి అందులో పెట్టాడు.

జేబులో ఫోన్ మోగింది. బ్యాండు మేస్త్రి సారయ్య.

"కట్టన్నా, ఎల్లుండి హంటర్ రోడ్డుల బరాత్ ఉన్నది. పోచమ్మ గుడి నుంచి ఫంక్షన్ హాల్ దాక. బిజిలీతోని ఐతదా?"

కట్టయ్య పగిలిన గిట్టల వైపు చూశాడు. కాదు అందామని నోరు తెరిచాడు.

"ఐతది" అన్నాడు.

ట్రాలీ డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు. జర ఆగమని కట్టయ్య చెయ్యి ఊపాడు. బిజిలీ చెరువంచు దాకా పోయి, నాలుగు కాళ్లూ బురదలో దిగబడి నిలుచుంది. పొద్దు వాలేదాకా దాన్ని అక్కడే నిలబడనిచ్చాడు.