భానూర్ రైడర్ మోకాలు

ఆ ఏడాది వానాకాలమంతా మా కంపెనీ బస్సులో ఒక ఆడపిల్ల మోకాలి గురించే మాట్లాడుకున్నాం.

ఆ పిల్ల మా అమ్మాయి చదివే డిగ్రీ కాలేజీలో కబడ్డీ ఆడేది. జట్టులో ప్రధాన రైడర్. కూత పెడుతూ అవతలి వాళ్ల గడిలోకి వెళ్లి, ఎవరినైనా తాకి, పట్టుబడకుండా తిరిగి రావాలి. అదీ రైడర్ పని. ఆమెది భానూర్. మైదానంలో అందరూ ఊరి పేరుతోనే పిలిచేవాళ్లు. వాళ్లమ్మ నాతోపాటే మాత్రల కంపెనీలో, ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తుంది. నేను బీరంగూడలో బస్సెక్కేదాన్ని. ఆమె ఊరి నుంచి ఆటోలో వచ్చి పటాన్‌చెరులో ఎక్కేది. ఆమె కోసం పక్క సీటు మీద నా టిఫిన్ సంచి పెట్టి ఉంచేదాన్ని. నాకంటే పెద్దది కాబట్టి నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది.

అంతకు ముందు ఏడు ఎవరో ఆ పిల్ల ఆట వీడియో ఫోన్‌లో చూపించారు. నలుగురు మీద పడి నడుమూ కాళ్లూ దొరకబుచ్చుకుంటే, అందరినీ ఈడ్చుకుంటూ వచ్చి వేలికొసలతో మధ్య గీతను అందుకుంది. ముత్తంగి దాటేలోపు ఆ ఫోన్ బస్సంతా తిరిగింది. డ్రైవరన్న గేటు దగ్గర బస్సాపాక తీసుకుని రెండుసార్లు చూశాడు. అప్పటి నుంచి మేమంతా ఆ జట్టు మనుషులమైపోయాం. మాలో చాలామంది కాలేజీ గడప తొక్కినవాళ్లు కాదు. అయినా ఏ కాలేజీకి ఎలాంటి జట్టుందో, ఎవరికి పట్టు బాగుందో వాదించుకునేవాళ్లం. షిఫ్టంతా మాస్కులు కట్టుకుని నోరెత్తకుండా నిలబడే మాకు ఆ రాకపోకల ప్రయాణమే మాటల చోటు.

ఆ సంవత్సరం పోటీలు మొదలవుతాయనగా, ప్రాక్టీసులో ఆ పిల్ల కాలు మెలిపడి మోకాలు వాచింది.

“ఏందక్కా, బిడ్డ కాలు ఎట్లున్నది? ఈసారి ఆడతదా లేదా?” అని లేబుళ్ల దగ్గర పనిచేసే, బస్సులో అందరం వదినా అని పిలిచే ఆమె పొద్దున్నే మొదలుపెట్టేది. మా అందరికంటే గొంతు ఆమెదే పెద్దది.

“జెర బెణికింది. తగ్గుతది,” అనేది అక్క.

“తగ్గుడేంది, ఆమె లేకుంటే మన జట్టు జట్టేనా? ఆ పిల్ల ఒంటి కాలు మీద ఆడినా గెలుస్తది.”

“మోకాలంటే మామూలు ముచ్చట గాదు,” అని ముందు నుంచి డ్రైవరన్న అందుకునేవాడు. “నేను ఆడినోన్నే గదా. పైకి వాపు పోతది, లోపల అట్లనే ఉంటది. ఈ ఏడు కూసోబెట్టాలె.”

“నువ్వు బండి సూస్కొని నడుపన్నా!”

అందరూ నవ్వేవాళ్లు. అక్క కూడా నవ్వేది. ఆ తర్వాత వదినకు నేను గుర్తొచ్చేదాన్ని. “అగో, ఆమె ఆడకుంటే ఈమె బిడ్డ లేదా?” అనేది, నేను చిన్నబుచ్చుకోకుండా సర్దుతున్నట్టు.

అవును, నా బిడ్డ కూడా ఆ జట్టులోనే ఉంది. ఎక్స్‌ట్రా ప్లేయర్. ముందటేడు పోటీలన్నింటికీ వెళ్లింది, ఒక్కదానిలోనూ ఆడలేదు. గీత బయట కూర్చుని నీళ్ల సీసాలు అందించింది. ఇంటికొచ్చి ప్రాక్టీసులో మోచేతులు గీరుకుపోయిన చోట పసుపు రాసుకునేది. “ఆమె ఉన్నన్ని రోజులు నాకు జాగ రాదమ్మా” అని ఒకసారి అన్నప్పుడు ఆ గొంతులో కోపం లేదు. ఆ పిల్లంటే దానికి చాలా ఇష్టం. ఇద్దరూ క్లాసులో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు.

మోకాలు వాచిందని విన్నప్పుడు నేను “అయ్యో” అన్నాను. ఆ అయ్యో అబద్ధం కాదు. కానీ దాని వెనకాలే, ఆగకుండా, ‘అయితే నా బిడ్డ ఆడుతుంది’ అన్న మాట నా లోపల పలికింది. పక్కనే అక్క భుజం నా భుజానికి ఆనుకుని ఉంది. ఆమెకు వినిపించిందేమోనన్నట్టు కిటికీ వైపు తిరిగాను.

తర్వాతి ఆదివారం అక్క బీరంగూడ గుట్ట మీది గుడికి వచ్చింది. బిడ్డ కాలు బాగవ్వాలని మొక్కుకోవడానికి తోడు రమ్మని నన్ను అడిగింది. మెట్లెక్కి లోపలికి పోయాం. ఆమె కళ్లు మూసుకుని పెదవులు కదిలిస్తూ చాలాసేపు నిలబడింది. నేనూ చేతులు జోడించాను. ఆ పిల్ల కాలు బాగవ్వాలని అడుగుదామనే నిలబడ్డాను. ఆ మాట సగం దాకా వచ్చి ఆగింది. ఇంకేదీ అడగలేదు. అలా ఏమీ అడగకుండా బయటికొచ్చి, ఆమె పెట్టిన కొబ్బరి ముక్క తిన్నాను.

దిగేటప్పుడు మెట్ల మీద కూర్చుని అక్క అసలు సంగతి చెప్పింది.

“బెణుకుడు కాదు చెల్లె. ఫోటో తీసిండ్రు. లోపల నరం తెగిందట. ఈ ఏడు ఆడనే వద్దని డాక్టర్ చెప్పిండు. ఆపరేషన్ చేయాల్నట.”

“మరి ఆట నేర్పే సార్‌కు చెప్పిండ్రా?”

“చెప్తే పేరు తీసేస్తడు. ఫైనల్ మ్యాచ్ సూసి పిల్లల్ని తీసుకునుటానికి యూనివర్సిటీ టీమోళ్లు వస్తరట. గప్పటిదాంక రెస్టు తీసుకొని, గా ఒక్కటి ఆడతనంటున్నది. మూడేండ్ల కష్టం చెల్లె, నేనెట్ల వద్దందు? ఎవ్వలికి చెప్పకు. నా మీద ఒట్టు.”

చెప్పనని చేతిలో చెయ్యి వేశాను.

మొదటి మ్యాచ్‌లో నా బిడ్డ ఆడింది. భయపడుతూనే దిగింది గానీ, నాలుగో కూతకే ఇద్దరిని తాకి వచ్చింది. గెలిచారు. రెండోదీ గెలిచారు. బస్సులో గాలి మారిపోయింది. “ఈ పిల్ల గూడ తక్కువేం లేదు” అన్న వదిన, వారం తిరక్కుండానే “నిజం చెప్పాల్నంటే కాళ్ల సురుకు ఈ పిల్లకే ఎక్కువ” అంది. అక్క అక్కడే కూర్చుని ఉంది. నేను అక్క ముఖం చూడలేకపోయాను. చూసినా ఏం లాభం, నా పెదవుల మీది సంతోషాన్ని ఎక్కడ దాచుకోను? ఆమె మాత్రం నా మోకాలి మీద తట్టి, “మంచిగ ఆడిందట గదా. మా పిల్ల ఒకటే మెచ్చుకుంటున్నది” అంది. ఆ రోజు మధ్యాహ్నం ఆమె వేసిన మామిడి తొక్కును డబ్బా అంచుకు జరిపి, వట్టి పెరుగన్నం తిన్నాను.

ఫైనల్ సంగారెడ్డిలో, మాకు సెలవైన ఆదివారం నాడు పడింది. వదిన వచ్చింది, డ్రైవరన్న భార్యను తీసుకుని వచ్చాడు. అక్కా నేనూ మైదానం చుట్టూ కట్టిన తాడుకు ఇవతల పక్కపక్కనే నిలబడ్డాం. సగం ఆటకు మావాళ్లే ముందున్నారు. తర్వాత అవతలి జట్టులో మూల మీద ఆడే ఒక పొట్టి పిల్ల నా కూతురి అడుగు పసిగట్టింది. వెళ్లినప్పుడల్లా చీలమండ దగ్గర దొరకబుచ్చుకుంటోంది. ఒకసారి, ఇంకోసారి, మళ్లీ అలాగే. నా బిడ్డ నోట్లో మట్టి ఊసుకుంటూ లేవడం, తల వంచుకుని బయటికి రావడం. మా వాళ్ల ఆధిక్యం కరిగిపోయింది.

అప్పుడు జనంలోంచి అరుపులు మొదలయ్యాయి. “భానూర్! భానూర్!”

మా వదిన అందరికంటే గట్టిగా అరిచింది. బెంచీ మీద కూర్చున్న ఆ పిల్ల లేచి, మోకాలికి పట్టీ బిగించుకోవడం మొదలుపెట్టింది. సార్ టైమ్ అవుట్ అడిగి నా కూతురిని గీత దగ్గరికి పిలిచాడు. ఏదో మాట్లాడుతున్నారు. నా కూతురు తల ఊపుతోంది.

అక్క నా ముంజేయి పట్టుకుంది. “ఒక్క రైడ్‌కు ఏం కాదు గదా చెల్లె? ఏం కాదు గదా?”

నేను చెయ్యి విడిపించుకుని తాడు దాటి సార్ దగ్గరికి పోయాను.

“సార్, ఆ పిల్లను ఆడనియ్యకుండ్రి. లోపల నరం తెగింది. ఆడొద్దని డాక్టర్ చెప్పిండు.”

సార్ ఆ పిల్ల వైపు తిరిగాడు. “నిజమేనా?”

ఆ పిల్ల నన్ను చూడలేదు. తాడవతల ఉన్న వాళ్లమ్మను చూసింది. అక్క తల దించుకుంది. అంతే, సార్‌కు అర్థమైపోయింది. “కూసో” అన్నాడు. ఆ పిల్ల కూర్చుని, బిగించిన పట్టీని అలాగే చేత్తో పట్టుకుని ఉంది. నా కూతురు మళ్లీ గడిలోకి వెళ్లింది. మళ్లీ పట్టుబడింది. ఓడిపోయాం.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక నా కూతురు అంది: “నాతోని అయితలేదు, నన్ను తీసెయ్యుండ్రని సార్‌కు నేనే చెప్పిన. నువ్వొచ్చి నన్ను మళ్ల లోపలికి తోలినవ్.”

“ఆ పిల్ల కాలు పోతుండె బిడ్డా.”

“ఆమె కాలు కోసమే వచ్చినవా?”

పొయ్యి మీద పాలు పెట్టిన నెపంతో వంటింట్లోకి పోయాను.

సోమవారం అక్క బస్సెక్కింది. నా పక్క సీటు మీద సంచి తీసి జరిగాను. ఆమె చూసి కూడా నన్ను దాటిపోయి, వెనక వరసలో కూర్చుంది. అంత నిశ్శబ్దంగా ఆ బస్సు ఎప్పుడూ లేదు. కంపెనీ దగ్గరపడుతుంటే వెనక నుంచి వదిన గొంతు, నాకు వినపడాలనే, “సొంత బిడ్డ జాగ పోతదని పరేషాన్ అయ్యింది, గంతే” అంది.

“డాక్టర్ వద్దన్నంక చెప్పుడే మంచిది,” అన్నాడు డ్రైవరన్న.

“మంచిదైతే ముందుగాల్ల చెప్పకపోయిందా? తెలిసి అన్ని రోజులాయె గదా.”

ఆ మాట నాలో అలాగే దిగబడిపోయింది. ఒట్టు వేశాను కాబట్టి చెప్పలేదనుకోవచ్చు. కానీ అంతకాలం ఆ ఒట్టు నా బిడ్డ ఆటకు అడ్డం రాలేదు. అడ్డం వచ్చిన రోజే దాన్ని తెంచాను. కాలు పోతుందని భయపడ్డాను, అదీ నిజమే. ఆ క్షణంలో తాడు దాటించింది ఏ భయమో ఎన్నిసార్లు తలచుకున్నా విడదీయలేకపోయాను.

యూనివర్సిటీ జట్టుకు ఆ కాలేజీ నుంచి ఎవరినీ తీసుకోలేదు. పండుగలు అయిపోయాక ఆ పిల్లకు ఆపరేషన్ జరిగింది. అక్క కొన్నాళ్లు సెలవు పెట్టింది. తిరిగి వచ్చిన రోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో తన డబ్బా తీసుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

“గా పొద్దు ఇంకోపారి మెలిపడి ఉంటే మోకాలు మొత్తం ఖరాబయ్యేదట. డాక్టర్ అన్నడు. నువ్వు మంచిపనే చేసినవ్ చెల్లె.”

ఆమె వెనక సీటుకు పోయినప్పటికంటే ఆ మాట నాకు ఎక్కువ నొప్పి పెట్టింది.

“అక్కా, గట్ల అనకు. నీ బిడ్డ కోసమే చెప్పిననని నేను ఒట్టు పెట్టలేను. నా బిడ్డను తీసేస్తుంటే సూడలేకపోయిన. గుడిల గూడ నీ బిడ్డ కోసం మొక్కలేదు నేను.”

అక్క ముద్ద కలుపుతూ ఆగింది.

“ఒక్క రైడ్‌కు ఏం కాదు గదా అని నేను నిన్ను అడిగిన,” అంది. “డాక్టర్ నాకే చెప్పిండు, నీకు గాదు. నేను తల్లిని. లేచిపోయి ఆపాల్సింది నేను. యూనివర్సిటీ టీమోళ్లు సూస్తున్నరని కూసున్న.” తర్వాత కూర గిన్నె నా వైపు జరిపింది. “తిను. బెల్లు కొడతరు.”

అంతకు మించి దాని గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

నా కూతురు మాత్రం ఆపరేషన్ అయినప్పటి నుంచి ప్రతి ఆదివారం భానూర్ పోతోంది. మొన్న నన్నూ తీసుకుపోయింది. అక్క ఇంట్లో లేదు, అదనపు షిఫ్టుకు పోయింది. ఆ పిల్ల మంచం మీద వెల్లకిలా పడుకుని కాలితో కసరత్తు చేస్తోంది. మోకాలి మీద కుట్ల గీత ఇంకా ఎర్రగానే ఉంది. నేను గడప దగ్గరే నిలబడిపోయాను.

“లోపలికి రా చిన్నమ్మా,” అంది. నేను కూర్చున్నాక, పైకప్పు చూస్తూనే, “నీ మీద నాకు కోపం ఉండె. ఇంకా కొంచెం ఉన్నది” అంది.

“ఉండనీ బిడ్డా,” అన్నాను.

“గది తప్పో రైటో నాకు తెల్వదు. నాకు చెప్పి పోతే బాగుండు. నన్ను అడుగకుంట సార్ తాన పోయినవ్.”

నిజమే. నాలుగడుగుల దూరంలో ఉన్న పిల్ల. ఆమెతో మాట్లాడాలని నాకు తోచనే లేదు. అక్క గురించి, సార్ గురించి, నా కూతురి గురించి, ఆఖరికి నా గురించి కూడా ఇన్నాళ్లూ ఆలోచించాను. ఈ పిల్లను మాత్రం ఒక మోకాలుగానే చూశాను, బస్సులో అందరిలాగే.

“తప్పే బిడ్డా. నిన్ను అడగాల్సింది.”

నా కూతురు నీళ్లకు లోపలికి పోయింది. అప్పుడు ఆ పిల్ల కాలు కొంచెం పైకెత్తి, “జెర మడిమ దగ్గర పట్టుకో. నేను పైకి లేపుత, నువ్వు కిందికి ఒత్తు” అంది.

రెండు చేతులతో పట్టుకున్నాను. ఎంత ఒత్తాలో తెలియక, నొప్పి పుడుతుందేమోనని చేతులు బిగించలేకపోయాను.

“గట్ల కాదు చిన్నమ్మా, గట్టిగ,” అంది ఆ పిల్ల పళ్లు బిగించి. “నొస్తే నేనే చెప్త.”

గట్టిగా ఒత్తాను. ఆ కాలు వణుకుతూ, నా చేతులను నెట్టుకుంటూ పైకి లేచింది.