నాలుగు బాకాల జకరయ్య

రేపల్లెలో మైకుసెట్టు అంటే జకరయ్యే. అడిగినవాళ్ళకు కాదనలేని మనిషి. "మా వైపు కూడా ఒక బాకా తిప్పు నాయనా, మంచాన పడ్డ మా ఆయన దేవుని వాక్యం వింటాడు" అని ఏసమ్మ అడిగితే, ఆదివారానికల్లా ఆ వైపుకో బాకా స్పీకరు వెలిసింది. అలా నాలుగయ్యాయి. ఆ మంచితనానికే దేవుడు ఆయన కూతురు రిబ్కాకు గిటారు వాయించే వేళ్ళిచ్చాడని సంఘంలో అనుకునేవారు.

ఆ రిబ్కాయే, అరవై తొమ్మిదిలో బాపట్ల కోత పండుగ ముందు, "నాన్నా, నా కరెంటు గిటారు తెనాలి చెంచురామయ్యగారి సెట్టుకి తగిలించుకుంటా. మన దాంట్లో రేకుడబ్బా మోగినట్టుంటది" అంది.

జకరయ్య తింటున్న కంచం పక్కకు నెట్టాడు. చెంచురామయ్య నాటకాలకు మైకు పెట్టేవాడు. ఉన్నవి రెండే బాకాలు. "రెండు బాకాలోడికి నా పిల్లే కావాల్సొచ్చిందా!" అని గొణుక్కున్నాడు.

పండుగనాడు వాక్యానికి జకరయ్య సెట్టు, పాటలకు చెంచురామయ్య సెట్టు అని పాస్టరుగారు పంచారు. "రా అన్నా, టీ తాగుదాం" అని చెంచురామయ్య పిలిచాడు. ఆ మర్యాద కూడా జకరయ్యకు కారంలా తగిలింది. నాలుగు బాకాల వైర్లూ ఎప్పటిలాగే కలిపి మెలిపెట్టి, ఎనిమిది అని రాసివున్న చోట బిగించాడు. ఆ రోజు మాత్రం తెనాలివాడికి వినిపించాలని శబ్దం పెంచే మీట చివరిదాకా తిప్పాడు.

వాక్యం సగంలో మాట బొంగురుపోయింది. ఆంప్లిఫయరు పెట్టెలో గాజు వాల్వు లోపలి రేకు నిప్పుకణికలా ఎర్రబడింది. చెంచురామయ్య పరుగున వచ్చి స్విచ్చి కట్టేశాడు.

"ఏంటన్నా ఇది! ఎనిమిది ఓములంటే ఒక్క బాకా లెక్క. నాలుగూ కలిపేసరికి రెండే అయింది. ఆ భారం మొయ్యలేక వాల్వు చస్తంది."

"నీలాగా రెండింటితో సరిపెట్టుకోలేను. మా వాళ్ళకి నాలుగు వైపులా వినపడాలి."

"నిన్ను బాకాలు తీసెయ్యమన్నదెవరు? రెండేసి ఒకదాని కొసకి ఒకటి గొలుసులా కట్టు, జత పదహారవుద్ది. ఆ రెండు జతలూ పక్కపక్కన కలిపితే మళ్ళీ ఎనిమిదే."

అంటూ వైరు అందుకోబోయాడు.

"చెయ్యి తియ్యి. నేను కట్టుకుంటా."

పాస్టరుగారు ఇదంతా గమనించారు. అందరినీ కళ్ళు మూసుకోమని ప్రార్థన ఎత్తుకున్నారు. వానల కోసం, వడ్ల కోసం, అరక దున్నిన ఎద్దుల కోసం, చుండూరు నుంచి వచ్చిన కూలీల కాళ్ళ నొప్పుల కోసం కూడా ప్రార్థించారు. "ఇవాళ అయ్యగారు ఎవర్నీ వదిలేటట్టు లేరు" అని వెనక ఎవరో గుసగుసలాడారు. చెంచురామయ్య కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆ మూసిన కళ్ళ చాటున జకరయ్య బాకాలను చెంచురామయ్య చెప్పినట్టే జతలు కట్టి, వైరు బిగించి స్విచ్చి వేశాడు. కాసేపటికి "ఆమేన్" నాలుగు వైపులా తేటగా పలికింది.

రిబ్కా ఇద్దరినీ చూసి, గిటారు వైరు పట్టుకుని తండ్రి దగ్గరకే వచ్చింది. "నాన్నా, రేకుడబ్బా మోత పోయింది. ఇందులోనే తగిలించనా?"

జకరయ్య కోరుకున్నది అదే. అయినా చూపు చెంచురామయ్య మీదకే పోయింది. అతను నవ్వుతున్నాడు. ఆ నవ్వులో గర్వం కోసం వెతికాడు. దొరకలేదు. దాంతో మంట ఇంకా ఎక్కువైంది.

"తగిలించమ్మా" అన్నాడు. "ఆయన్ని మాత్రం కాస్త దూరంగా కూచోమను."