నీడ కోసం అర్జీ

ఈ రోజు పొద్దున్న అనకాపల్లిలో మేం నడిచే గ్రౌండుకి వెళ్తే, మా వాకర్స్ సంఘం అధ్యక్షుడు గొడుగేసుకుని నడుస్తున్నాడు. వాన కాదు, ఎండ. ఏడు కూడా కాలేదు, అప్పుడే మాడు పగిలిపోతోంది. వరసకి మామ అవుతాడు కాబట్టి ఆపి అడిగాను.

"గొడుగేటి మామా?"

"ఎండ సూడ్లేదేటి? గ్రౌండంతా ఎక్కడా నీడ లేదు."

ఉండేది. ట్రాక్ పొడుగునా కానుగ చెట్లు ఉండేవి. పిట్టలు తెల్ల టీషర్టుల మీద రెట్టలేస్తున్నాయని పోయిన చలికాలం ఈయనే సంతకాలు పోగుచేసి, దగ్గరుండి మొదళ్లతో సహా కొట్టించాడు. ఆ రోజు అందరికీ టిఫిన్లు కూడా పెట్టించాడు, ఏదో ఘనకార్యం చేసినట్టు.

"సెట్లు నువ్వే కదా కొట్టించేవు?"

"అదప్పుడు. ఇప్పుడు రేకుల షెడ్డు కావాలని అర్జీ పెడతన్నాం. నువ్వూ ఓ సంతకం ఎట్టు."

సిగ్గు లేకుండా పెన్ను కూడా తీశాడు. ఆ పెన్నుతో నాకేం చేయాలనిపించిందో ఇక్కడ రాయను. షెడ్డు స్తంభాలు ఎక్కడ పాతుతారని మాత్రం అడిగాను. చెట్లు పీకిన గోతులు ఎలాగూ ఉన్నాయి కదా అన్నాడు.

మీ ఊరి గ్రౌండులో ఇంకా చెట్లున్నాయా? ఉంటే కామెంట్లో చెప్పండి. ఊరి పేరు మాత్రం రాయకండి, మావాళ్లు చూస్తారు.